ఎస్తేరమ్మ సాక్ష్యం

"చెప్పమ్మా, ఆ పొద్దు ఏం చూసినావు?" సర్కారు లాయరు రెండోసారి అడిగినాడు.

ఎస్తేరమ్మ బోను కమ్మీని రెండు చేతులా పట్టుకోనుంది. చెప్పాలనే నోరు తెరిచింది. "నేను పొయ్యి కాడ..." అన్నంతలో నడుములో మొదలైన నొప్పి ఎడమ కాలిలోకి దిగింది. వడ్లాయన బర్మా పెట్టి కొయ్యను తొలిచినట్టు ఎవరో ఎముకను లోపలి నుంచి తొలుస్తున్నారు. జడ్జిగారి ముఖం అలుక్కుపోయింది. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినపడుతోంది. ఆమె కమ్మీ మీదికి వాలిపోయి, మూలగకూడదని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా మూలుగు బయటికొచ్చింది.

"సాక్షి పరిస్థితి తమరే చూస్తున్నారు," అన్నాడు ముద్దాయిల తరఫు లాయరు ఎంతో జాలిగా. "ఈ స్థితిలో ఆమెను నిలబెట్టడం మానవత్వం కాదు. వాయిదా ఇప్పించండి. రెండు నెలలైనా మాకు అభ్యంతరం లేదు."

రెండు నెలలన్న మాట మాత్రం ఎస్తేరమ్మ చెవికి స్పష్టంగా తగిలింది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఆమె దగ్గర ఏమీ దాచలేదు. రొమ్ములో పుట్టిన క్యాన్సరు వెన్నెముకకు పాకింది, ఇంక దాన్ని మాన్పే మందు లేదు అని చేయి పట్టుకొని చెప్పింది. ఆ సంగతి ఈ లాయరుకూ తెలుసు. అందుకే అంత జాలి.

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకొని, ఆమె వంక కాసేపు చూసినాడు. "వచ్చే బుధవారం. ఆ తర్వాత ఇంక వాయిదా లేదు," అన్నాడు.

కొడుకు ఆనందయ్య ఆమెను చంకల కింద పట్టుకొని వరండాలోకి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టినాడు. ఆ బెంచీకి ఆ చివర అలివేలుమంగ కూర్చోనుంది, ఎప్పటిలాగే ఒంటరిగా. ఆమె హత్యకు గురైన బడిపంతులు అనంతరామయ్య అయ్యవారి భార్య. ప్రతి వాయిదాకూ రాజుపాలెం నుంచి బస్సులో వస్తుంది, ఎవరితోనూ మాట్లాడదు, సాయంత్రం బస్సులో పోతుంది. ఈసారి ఎస్తేరమ్మ కళ్ళలోకి చూసి, ఏదో అడగబోయి తల దించుకుంది.

అంతలో తెల్లబట్టల్లో ఓబన్న వచ్చినాడు. ఎస్తేరమ్మ ఊరు గుండ్లకొట్టాలకు సర్పంచి. ఈ కేసులో మొదటి ముద్దాయి. బెయిలు మీదున్న మనిషిలాగా కాదు, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలాగా నడుస్తున్నాడు.

"యాలమ్మా ఎస్తేరమ్మా నీకీ యాతన?" అన్నాడు మెత్తగా. "ఇంట్లో పండుకో. ప్రార్థన చేసుకో. ఆసుపత్రికి పోవాలంటే చెప్పంపు, మనోళ్ళు కార్లో దించొస్తారు."

ఎస్తేరమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

సర్కారు లాయరు ఫైళ్ళు చంకలో పెట్టుకొని వచ్చి వంగి చెవిలో చెప్పినట్టు అన్నాడు. "చూడమ్మా, సైకిలు షాపు రహమాన్ మాట మార్చినాడు. టీ తాగుతాండినోళ్ళిద్దరూ మార్చినారు. నువ్వే మిగిలినావు. ఆసుపత్రోళ్ళిచ్చిన ఆ మార్ఫిన్ బిళ్ళలు మాత్రం బుధవారం దాకా ముట్టొద్దు. అది నల్లమందు జాతి. నువ్వేసుకున్నావని తెలిస్తే మత్తులో మాట్లాడతాంది అని వాళ్ళు నీ సాక్ష్యం కొట్టేయిస్తారు. ఒక్క వారం ఓర్చుకో."

ఓర్చుకోవడానికేగదా ఇన్నాళ్ళూ ఆ పొట్లం విప్పనిది, అనుకుంది ఎస్తేరమ్మ. ఓర్చుకునే ఈ పొద్దు నోరు మూగబోయింది.

ఆటోలో పరుపు పరిచి ఆమెను పడుకోబెట్టి, ఆనందయ్య గుంతల్ని తప్పించుకుంటూ తోలినాడు. ఎర్రగుంట్ల రోడ్డు దాటినాక వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అమ్మా, ఇంక ఇడిసిపెట్టు. రెండు పార్టీలూ రాజీ అయినాయి. ఆ పక్కోళ్ళకు మండలం ప్రెసిడెంటు, ఈ పక్కోళ్ళకు ఎమ్మెల్యే టికెట్టు అని మాట్లాడుకున్యారు. మొన్న ఒకే జీపులో పులివెందల పోయొచ్చినారంట. మనం యాడ నిలబడతాం?"

"అయ్యవారు ఏ పార్టీ రా?"

"ఏ పార్టీ గాదు."

"అందుకే ఆయన కేసు ఎవురికీ పట్టల్యా," అంది ఎస్తేరమ్మ. తర్వాత ఒక గుంతలో ఆటో ఎగిరిపడింది. ఆ పైన ఊరు చేరేదాకా ఆమె పరుపు అంచును గట్టిగా పట్టుకొని పడుకుంది.

*

మర్నాడు పొద్దున ఆసుపత్రి జీపు వాకిట్లో ఆగింది. నర్సు దిల్షాద్‌బీ దిగి, చెప్పులు విడిచి, నేరుగా మంచం దగ్గరికొచ్చింది. వారానికొకసారి ఆమె ఈ పక్క పల్లెలన్నీ తిరుగుతుంది. మానని జబ్బులోళ్ళను ఇంటికొచ్చి చూడటమే ఆమె పని.

ముందు మందుల మాట ఎత్తలేదు. కోడలు రత్నమ్మ చేత వేడినీళ్ళు పెట్టించింది. గుడ్డ తడిపి, పిండి, మెడ వెనకా చంకల్లోనూ మెల్లగా తుడిచింది. ఎస్తేరమ్మను పక్కకు తిప్పేముందు, "తిప్పుతాండా అవ్వా, నువ్వు సరే అన్నాకే," అని చెప్పి ఆగింది. ముసలామె తల ఊపినాకే తిప్పింది. వీపు ఎక్కడా పుండు కాకుండా కొబ్బరినూనె రాసింది. మోకాళ్ళ కింద దిండు పెట్టింది. ఆ దిండొక్కటి పెట్టేసరికి ఎస్తేరమ్మ నడుం అరంగుళం వదులైనట్టయింది.

"ఇప్పుడు చెప్పు. బిళ్ళలు వేసుకుంటాండావా?"

ఎస్తేరమ్మ తలగడ కింది నుంచి పొట్లం తీసి చూపించింది. దానికి కట్టిన దారం కట్టినట్టే ఉంది.

దిల్షాద్‌బీ కోప్పడలేదు. మంచం పట్టె మీద కూర్చుంది. "ఎవురొద్దన్నారు?"

ఎస్తేరమ్మ లాయరు చెప్పినదంతా చెప్పింది. చెప్తూ రెండుసార్లు ఆగి పళ్ళు కొరుక్కుంది. చివరికి అడిగింది. "నిజం చెప్పు బిడ్డా. అది మింగితే నాకు తెలివి పోతాదా? నేను జూసింది నేను మర్చిపోతానా?"

"మొదట ఒకటి రెండు దినాలు నిద్ర ముంచుకొస్తాది అవ్వా. ఎందుకంటే నువ్వు నెలల తరబడి నిద్రపోల్యా. వాంతొచ్చినట్టుంటాది, దానికి వేరే బిళ్ళ ఉండాది. కడుపు బిగిస్తాది, దానికీ ఉండాది. ఆ తర్వాత మత్తుండదు. నొప్పికి తగినంత ఏసుకుంటే అది నొప్పినే తింటాది, మనిషిని తినదు. నాలుగు గంటలకొకటి, టైము తప్పకుండా ఏసుకోవాల. నొప్పి లేసినాక కాదు, లేవక ముందే."

"లాయరు ఒప్పుకోడు."

"నొప్పి లాయరుకుందా, నీకుందా?"

ఎస్తేరమ్మ పైకప్పు వాసాల వంక చూస్తూ పడుకుంది. ఈ నర్సుపిల్ల మాట నిజమైతే బుధవారం నోరు పెగులుతుంది. అబద్ధమైతే మత్తులో పడి ఏదో వాగి, అయ్యవారి ఉసురు పోసుకుంటుంది. మింగకపోతే మాత్రం ఏమవుతుందో నిన్ననే చూసింది. నోట్లో కొంగు కుక్కుకొని, ఓబన్న జాలి చూపు కింద.

వాకిట్లో నిలబడి వింటున్న ఆనందయ్య, "వద్దుమా," అన్నాడు.

"నీళ్ళు తే రా," అంది ఎస్తేరమ్మ.

*

ఆ మధ్యాహ్నం ఆమె నిద్రపోయింది. మామూలు నిద్ర కాదు. బావిలో రాయి మునిగినట్టు మునిగింది. రత్నమ్మ తట్టి లేపి గంజి తాగించి, టైముకు బిళ్ళ మింగిస్తే, మింగి మళ్ళీ మునిగేది. శనివారమంతా అంతే. ఆనందయ్య ఆటో తీయలేదు. పది నిమిషాలకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినాడు. "అయిపాయ. ఆ పొద్దే వద్దంటి. ఇంగ బుధవారం మనిషి లేసేదే కల్ల," అని భార్య మీద విరుచుకుపడినాడు.

ఆదివారం పొద్దున పల్లె చర్చిలో గంట కొట్టినప్పుడు ఎస్తేరమ్మ కళ్ళు తెరిచింది. ఏదో తక్కువైనట్టనిపించింది. ఏమిటో తెలియలేదు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. కోడి ఒకటి ఎనుముల్ని కట్టేసే గాటిపాడులో గీరుతోంది. నడుం వంక మనసు పెట్టి చూసుకుంది. నొప్పి ఉంది. కానీ దూరంగా, పక్క వీధిలో ఎవరో పోట్లాడుకుంటున్నట్టు ఉంది. తన ఇంట్లో లేదు.

"రత్నా, ఆకలైతాందే," అంది.

రత్నమ్మ చేతిలోని చెంబు అట్లాగే పట్టుకొని అత్త ముఖం చూస్తూ నిలబడిపోయింది. ఆ మాట ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో.

సంగటి, గోంగూర పచ్చడి తిన్నది. తిని, గోడకానుకొని కూర్చొని, చాటలో ఎండుమిరపకాయలు పోయించుకొని తొడిమెలు తీయసాగింది. చేతికి పని తగిలేసరికి తల కూడా పని మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ నొప్పి కళ్ళకడ్డం నిలబడినట్టుంది. అది పక్కకు జరిగేసరికి వెనక ఉన్నవన్నీ ఒక్కొక్కటే కనపడసాగినాయి. బస్సు స్టేజీ దగ్గర తన ఉగ్గాని అంగడి. తట్టలో నానేసి పిండి పెట్టిన బొరుగులు. అయ్యవారు సైకిలు వదిలేసి పరుగెత్తుకొచ్చినప్పుడు ఆయన జేబులో మూత ఊడిన పెన్ను. జీపు ముందు సీట్లో ఎవరు, వెనక ఎవరు. అంతా అయిపోయినాక, జీపు తిప్పుకోబోతూ... ఆమె చేతిలో మిరపకాయ ఆగింది.

"యేమాయ అత్తా? నొప్పా?"

"కాదులే," అంది ఎస్తేరమ్మ. "మర్చిపోయిందొకటి జ్ఞాపకమొచ్చె."

*

బుధవారం కోర్టు వరండాలో దిల్షాద్‌బీని చూసి సర్కారు లాయరు ముఖం పాలిపోయింది. "ఏసుకుందా?"

"ఏసుకున్యా సార్," అని ఎస్తేరమ్మే చెప్పింది. కొడుకు భుజం మీద చేయి వేసుకొని, తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చింది. "దాచద్దండి. అడిగితే నేనే చెప్తా."

జడ్జిగారు బోనులో కుర్చీ వేయించినాడు. ఆమె దేవుని ఎదుట ప్రమాణం చేసింది. ఇంకా మొదటి ప్రశ్న పడకముందే ముద్దాయిల లాయరు లేచినాడు.

"ఈ సాక్షి మార్ఫిన్ మీద ఉందని మాకు తెలిసింది. మత్తుమందు మీదున్న మనిషి మాటను సాక్ష్యంగా తీసుకోవద్దని మనవి."

కోర్టు హాలు గుసగుసలాడింది. గోడవార నిలబడిన ఓబన్న మనుషులు ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నారు. జడ్జిగారు చేయెత్తి ఆపి, ఎస్తేరమ్మ వైపు తిరిగినాడు.

"ఏమ్మా, మందు వేసుకున్నారా?"

"ఏసుకున్యా అయ్యా. ఎముకల్లో క్యాన్సరు. ఏసుకోకుంటే కూచోలేను."

"ఇక్కడ ఎందుకున్నారో తెలుసా?"

"తెల్సు. అనంతరామయ్య అయ్యవార్ని నా అంగట్లో నరికినారు. జూసింది చెప్పను వచ్చినా."

"పోయినసారి ఎందుకు చెప్పలేకపోయినారు?"

ఎస్తేరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "అయ్యా, మత్తులో ఉండింది ఆ పొద్దు. నొప్పి మత్తు. మీ మొగమే అగపడల్యా నాకు. ఈ పొద్దు అన్నీ అగపడతాండాయి. ఆ లాయరయ్య కోటుకు గుండీ ఒకటి ఊడింది గూడా."

లాయరు చేయి గబుక్కున కోటు మీదికి పోయింది. హాల్లో నవ్వు పుట్టి, జడ్జిగారి ముఖం చూసి అణగిపోయింది. అయితే జడ్జిగారి పెదవి చివర కూడా కదిలింది.

"సాక్షి తెలివిగానే ఉంది. కానివ్వండి," అన్నాడు.

ఎస్తేరమ్మ చెప్పసాగింది. తొందరపడలేదు, ఆగలేదు. పంచాయతీ ఎలక్షన్లలో అయ్యవారు పోలింగు అధికారిగా ఉండి, ఓట్ల పెట్టెను ఓబన్న మనుషుల చేతికివ్వలేదు. ఆ తర్వాతి వారం, బడికి పోయేముందు ఎప్పటిలాగే ఉగ్గాని తినడానికి సైకిలు మీద వస్తున్నాడు. జీపొచ్చింది. మొదటి బాంబు రోడ్డు మీద పడింది, అయ్యవారు సైకిలు వదిలేసి అంగట్లోకి పరుగెత్తుకొచ్చినాడు. రెండోది అంగడి పందిరి మీద. పొగలోంచి కొడవళ్ళతో దిగినోళ్ళను ఆమె ఒక్కొక్కరినే చూపుడువేలుతో చూపించింది. ఒక్కరి దగ్గర కూడా వేలు తప్పలేదు.

"మరి ఓబన్న?" అన్నాడు సర్కారు లాయరు.

"ముందు సీట్లో కూచోనుండె. వాళ్ళు నరికేంతసేపూ దిగల్యా. అయిపోయినాక జీపు తిప్పుకోను అయ్యవారి సైకిలు రోడ్డుకడ్డం పడుండె. అప్పుడు దిగినాడు. సైకిలు లేపి, పక్కకు తీసకపోయి, పడిపోకుండా స్టాండేసి, మళ్ళా ఎక్కినాడు."

వెనక బెంచీలో అలివేలుమంగ రెండు చేతులతో నోరు మూసుకుంది.

ముద్దాయిల లాయరు ఇదే కావాలన్నట్టు లేచినాడు. "ఈ సైకిలు కథ పోలీసులకు చెప్పినావా?"

"లేదు."

"ఇన్నేళ్ళూ చెప్పని మాట ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? మార్ఫిన్‌లోనుంచా?"

"పోలీసోళ్ళు నరికినోళ్ళ పేర్లడిగినారు, చెప్పినా. నా చీరకు ఇంకా ఆయన నెత్తురుండె ఆ పొద్దు. సైకిలు సంగతి ఎవురూ అడగల్యా. నాకూ తోచల్యా."

లాయరు వదల్లేదు. అంగడి వాకిలి ఏ దిక్కు, పొగ ఎంతసేపుంది, కన్ను చూపెట్లుంది, ఆ పొద్దు నూనె మరుగుతోందా లేదా అని తిప్పి తిప్పి అడిగినాడు. అడిగిందే మళ్ళీ అడిగినాడు. మధ్యలో ఫైలు తిరగేస్తూ ఊరికే నిలబడినాడు. ఆయన గోడ గడియారం వంక చూడటం ఎస్తేరమ్మ కనిపెట్టింది. పక్క వీధిలో ఉన్న నొప్పి నడిచి నడిచి ఇంటి వాకిలి దాకా వచ్చింది. నడుంలో బర్మా మెల్లగా తిరగడం మొదలైంది. పొడుగునా లాగి, నొప్పి మీదపడినాక కిందపడేయాలని చూస్తున్నాడీయన.

కొంగు నోటిదాకా పోయింది. అక్కడ ఆగింది. ఎందుకు కుక్కుకోవాల? ఆమె కొంగు దించి, చేయెత్తింది.

"అయ్యా, నా బిళ్ళ టైమయింది. ఏసుకుంటా."

"అభ్యంతరం!" అన్నాడు లాయరు. "సాక్ష్యం మధ్యలో మత్తుమందా?"

"మీ కక్షిదారుడు బీపీ మాత్ర వేసుకోవాలంటే నేను వద్దంటానా?" అన్నాడు జడ్జిగారు. "వేసుకోండమ్మా. కోర్టు అర్ధగంట ఆగుతుంది. ఎవరైనా నీళ్ళివ్వండి."

దిల్షాద్‌బీ లేచేలోపలే వెనక బెంచీ నుంచి అలివేలుమంగ నీళ్ళ సీసా పట్టుకొని బోను దాకా వచ్చేసింది. ఎస్తేరమ్మ అందరూ చూస్తుండగా బిళ్ళ నోట్లో వేసుకొని, ఆ నీళ్ళు తాగి, పెదవులు తుడుచుకుంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నప్పుడు కూడా ఆమె అంత నిటారుగా కూర్చోలేదు.

అర్ధగంట తర్వాత లాయరు ఇంకో నాలుగు ప్రశ్నలడిగినాడు. ఆమె నాలుగింటికీ చెప్పింది. ఐదో ప్రశ్న ఆయన దగ్గర లేదు.

*

వరండాలో అదే బెంచీ. ఈసారి అలివేలుమంగ జరిగి పక్కనే కూర్చుంది. నీళ్ళ సీసా మూత తిప్పుతూ అన్నది.

"ఒక మాట అడగాలని ప్రతిసారీ వస్తాను. అడగలేక పోతాను. ఆయన... బాగా బాధపడినారా?"

"అబద్ధం చెప్పను అయ్యవారమ్మా. పడినాడు. కానీ శానాసేపు కాదు. నీళ్ళడిగితే తాపించినా. తల నా తొడ మీద పెట్టుకోని నొసలు తుడస్తా ఉంటి. నా మొగం జూస్తానే పోయినాడు. ఒంటిగా మాత్రం పోల్యా."

అలివేలుమంగ ఆమె చేయి తీసుకొని తన ఒడిలో పెట్టుకుంది. ఇన్నేళ్ళ ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. ఎస్తేరమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు.

మెట్ల దగ్గర ఒక మనిషి టోపీ చేతిలో నలుపుతూ నిలబడినాడు. రహమాన్. ఆమె అంగడి పక్కనే అతని సైకిలు షాపు. తలుపు సందులోంచి అంతా విన్నట్టున్నాడు. ఎస్తేరమ్మ వంక చూడకుండా నేరుగా సర్కారు లాయరు దగ్గరికి పోయినాడు.

"సార్, నన్ను మళ్ళా పిలిపించండి."

"నువ్వు ఏమీ చూడలేదని చెప్పినావు గదప్పా ఆ పొద్దు?"

"భయపడి చెప్పినా. ఆ సైకిలు స్టాండేసింది నా షాపు ముందరే సార్. నేను లోపల పనిముట్ల పెట్టె వెనక దాంకోనుంటి. స్టాండేసి, 'షట్టరు దించుకోరా' అని నాతోనే చెప్పినాడు ఓబన్న. ఆ సైకిలు పోలీసోళ్ళొచ్చేదాకా ఆన్నే ఉండె." అప్పుడు తిరిగి ఎస్తేరమ్మను చూసినాడు. "సావు మీదుండే మనిషి వచ్చి కూచోని చెప్పె. నాకేం రోగం సార్?"

సర్కారు లాయరు వెంటనే గుమాస్తాను పరుగెత్తించినాడు. కోర్టు రహమాన్‌ను మళ్ళీ పిలిచింది. రెండు వారాల తర్వాత అతడు చెప్పినాడు. టీ తాగినవాళ్ళలో ఒకడు కూడా వచ్చి చెప్పినాడు. రాజీ చేసుకున్న పెద్దమనుషులు ఇదేందని ముఖాలు చూసుకున్నారు గానీ, అప్పటికి చేయి దాటిపోయింది.

*

తీర్పు వచ్చేనాటికి ఎస్తేరమ్మ బాగా చిక్కిపోయింది. నోటికి అన్నం సయించడం లేదు. బిళ్ళ మోతాదు డాక్టరమ్మ రెండుసార్లు పెంచింది. మింగడం కష్టమైనాక నీళ్ళ మందుగా మార్చింది. అయినా నొప్పిని ఇంటి లోపలికి రానీలేదు. పగలు చర్చి ఆడోళ్ళొచ్చి పాటలు పాడితే ఆమె కూడా పెదవులు కదిపేది. అలివేలుమంగ రెండుసార్లు వచ్చి, నిమ్మరసం పిండి చెంచాతో తాగించి పోయింది.

ఆ రోజు దిల్షాద్‌బీ ఆమె పెదవులకు తడిగుడ్డ అద్దుతుండగా వాకిట్లో ఆటో ఆగింది. ఆనందయ్య చెప్పులతోనే లోపలికొచ్చేసినాడు.

"అమ్మా! ఓబన్నకు యావజ్జీవం. నరికిన ముగ్గురికీ యావజ్జీవం. ఈ పొద్దే కడప జైలుకు తీసకపోయినారు. నువ్వు జెప్పిందే నమ్ముతాండా అని జడ్జి రాసినాడంట."

ఎస్తేరమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలినాయి. ప్రార్థనో, పేరో. తర్వాత కళ్ళు తెరిచి, "నన్ను లేపు," అంది.

"యాడికి?"

"ఊర్లోకి. పెద్ద వీధిలో ఒకసారి తిప్పుకొని రా."

ఆనందయ్య నర్సు ముఖం చూసినాడు. దిల్షాద్‌బీ అప్పటికే దిండ్లు ఏరుతోంది. "మందు ఇప్పుడే ఇచ్చినా. పో, తీసకపో," అంది.

ముగ్గురూ కలిసి ఆమెను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టినారు. వెనక రెండు దిండ్లు, మోకాళ్ళ కింద ఒకటి. పడుకోను, కూచుంటా అని పట్టుబట్టింది. దిల్షాద్‌బీ పక్కన కూర్చొని నడుం చుట్టూ చేయి వేసింది. రత్నమ్మ అత్త తల దువ్వి, మంచి చీర కొంగు సర్దింది.

పెద్ద వీధిలో మధ్యాహ్నపు ఎండ తెల్లగా కాస్తోంది. ఆటో చప్పుడుకు వాకిళ్ళలో మనుషులు తలలెత్తినారు. బీడీలు చుట్టే ఆడోళ్ళు చాటలు పక్కనబెట్టి లేచినారు. ఒక ముసలాయన అరుగు మీది నుంచి దిగి నమస్కారం పెట్టినాడు. బస్సు స్టేజీ దగ్గర తన షాపు ముందర చక్రం బిగిస్తున్న రహమాన్ లేచి, గ్రీజంటిన చేతిని చొక్కాకు తుడుచుకొని, పైకెత్తినాడు. ఓబన్న ఇంటి ముందరికొచ్చేసరికి ఆ ఇంటిని తొందరగా దాటేసే అలవాటు కొద్దీ ఆనందయ్య చేయి గేరు మీదికి పోయింది. ఆటో ముందుకు దూకింది.

ఎస్తేరమ్మ వెనక నుంచి చేయి చాపి కొడుకు భుజం తట్టింది.

"నిదానంగా పోనీరా," అంది. "మనల్ని ఎవురూ తరమడంల్యా."